నీరు విసిరిన పిండి

ఒక పనికై కట్టిన కట్టడమున, ఆ పని తీఱిన పిమ్మట, వేఱొక పని వచ్చి కాపురముండుట భాగ్యనగరమునకు వింత గాదు. ఫతేమైదానమునకు చేరువను, 1786లో, నిజాము అలీఖానుని కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోతపోయుటకై నెలకొల్పిన తోప్ కా సాంచా కొలిమి యెన్నడో చల్లాఱి, నేడు గన్ ఫౌండ్రీ యను పేటపేరుగా మాత్రమే జనుల నోట నిలిచియున్నది. అబిడ్సుకు ఆవల, కోఠీలో, కిర్కుపాట్రికు దొర కట్టించుకొన్న రెసిడెన్సీ మహలు స్త్రీల కళాశాలయై, తరువాత విశ్వవిద్యాలయమైనది. నాంపల్లి స్టేషనుకు పోవు దారిలో అఘోరనాథ చట్టోపాధ్యాయుడు నివసించిన గృహము, ఆయన కూతురు సరోజినీదేవి 1905లో ప్రకటించిన కావ్యసంపుటి పేరును ధరించి, గోల్డెన్ త్రెషోల్డు అని ప్రసిద్ధికెక్కి, 1974లో పుట్టిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు తొలి నెలవైనది. మహలు కళాశాల యగును, ఇల్లు విశ్వవిద్యాలయ మగును, కొలిమి పేట యగును. కాని ఐరోపాఖండమున అడుగడుగున కానవచ్చు ఒక మార్పు, అనగా ఏటి యొడ్డున పిండి విసరిన పాత నీటి తిరగలి ఒక కుటుంబమునకు నివాసమగుట, ఈ దారిలో నెచ్చటను కానరాదు. ఇల్లుగా మార్చుటకు మొదట తిరగలి ఉండవలెను గదా. అదియే యిచ్చట లేదు. ఎందుకు లేదనునది ఈ అధ్యాయమున విచారింపదగిన ప్రశ్న. దానికి సమాధానము వెదకుటకు అబిడ్సునుండి కొంత దూరము, ఆసఫ్‌జాహీల మొదటి రాజధానియైన ఔరంగాబాదు వఱకును పోవలసియుండును.

ముందు యంత్రము మాట. నీటి తిరగలియందు నీరు చేయు పని మిక్కిలి సామాన్యమైనది: ఎత్తుననున్న నీరు పల్లమునకు దిగుచు, తాను కోల్పోవు శక్తిలో కొంతభాగమును ఒక చక్రమునకు అప్పగించును. ఆ శక్తి యెంతయని లెక్క వేయుటకు సెకనుకు ఎన్ని లీటర్లు దిగుచున్నది, ఎన్ని మీటర్లు దిగుచున్నది యను రెండు సంగతులు తెలిసిన చాలును. ఆ రెండింటిని హెచ్చవేసి, దానిని మరల భూమ్యాకర్షణ సంఖ్యయైన 9.8తో హెచ్చవేసినచో వాట్లు వచ్చును. సెకనుకు 20 లీటర్లు అయిదు మీటర్లు దిగినచో 980 వాట్లు. ఇందులో రాతిని చేరునది చక్రపు రీతిని బట్టి యుండును. నిట్టనిలువు చక్రమును, దానికి తోడు పండ్లచక్రములను రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విత్రూవియసు వర్ణించియున్నాడు. అటువంటి చక్రము క్రిందిభాగమును ప్రవాహము నెట్టుట యొక రీతి, పైనుండి నీరు దొన్నెలలో పడి బరువుచే చక్రమును త్రిప్పుట రెండవ రీతి. ఇంగ్లండులో జాను స్మీటను 1759లో చిన్న నమూనాలు చేసి కొలిచి చూపువఱకును ఈ రెంటిలో నేది మేలో పెద్దలకే నిశ్చయముగా తెలియదు. మొదటిది నీటిశక్తిలో మూడవవంతు మించి రాబట్టజాలదనియు, రెండవది మూడింట రెండువంతులు రాబట్టుననియు ఆయన తేల్చెను.

ఇవి గాక మూడవ రీతి యొకటి కలదు. ఇది పండితుల గ్రంథములందు తక్కువగాను, పర్వతప్రాంతపు పల్లెలందు ఎక్కువగాను కనబడును. ఇందు చక్రము నేలకు సమాంతరముగా పడుకొనియుండును. దాని యిరుసు నిటారుగా లేచి, క్రింది రాతి నడిమి రంధ్రముగుండ పైకి వచ్చి, పై రాతిని పట్టుకొనియుండును. ఏటవాలు గొట్టమునుండి దూకిన నీరు ఱెక్కలను కొట్టగా, చక్రము ఒక చుట్టు తిరిగినచో రాయియు ఒకచుట్టే తిరుగును. పండ్లచక్రములు లేవు, వడ్రంగికి పెద్ద పని లేదు. శక్తిలో నాలుగవవంతు రాతికి చేరినను చాలునని తృప్తిపడు యంత్రమిది. హిమాలయపు లోయలలో నేటికిని తిరుగుచున్న ఘరాటులను తిరగళ్లు ఈ జాతివే. ఔరంగాబాదులోని పన్‌చక్కి యను నీటి తిరగలియు ఈ జాతిదే.

నాలుగవవంతు అనగా మన లెక్కలో 245 వాట్లు. ఇది యేపాటి యని చదువరులు నవ్వవచ్చును. ఒక మిక్సీకైనను చాలదు. కాని తిరగలి పిడి పట్టుకొని కూర్చున్న స్త్రీ, అలసట లెక్కచేయక విసరినను, 60 వాట్లకు మించి నిలుకడగా ఈయజాలదు. జొన్నలు విసరుటకు తెల్లవాఱుజామున లేచి మూడుగంటలు శ్రమించినచో ఆమె చేతులు ఆనాటికి చాలునని మొఱపెట్టును. నీటికి ఆ మొఱ లేదు. నాలుగు చేతిజతల బలముతో ఇరువదినాలుగు గంటలు తిరిగినచో అది ముప్పదిమంది స్త్రీల ఒకనాటి చాకిరికి సమానమగును.

ఆ పన్‌చక్కి ఒక ధర్మశాలలో, సన్న్యాసుల కాపురములో, వారి యింటి మనిషివలె పుట్టినది. మధ్యాసియానుండి దక్కనుకు వచ్చిన నఖ్షబందీ ఫకీరులు బాబా షా పలంగ్‌పోషు, ఆయన శిష్యుడు బాబా షా ముసాఫిరు ఔరంగజేబు కాలమున ఔరంగాబాదులో, ఖామ్ నది యొడ్డున, మహమూదు దర్వాజాకు చేరువను ఒక తకియా నెలకొల్పిరి. తకియా యనగా ఫకీరులు నివసించుచోటు; బాటసారులకు, పేదలకు అన్నమిడు చోటు. బాబా షా ముసాఫిరు మరణానంతరమును ఆ స్థలము పెరుగుచునే పోయినది. నిజాముల్‌ముల్కు ఆసఫ్‌జా పరివారములోని తుర్క్‌తాజ్ ఖాను అను సర్దారు చక్కిని, మసీదు ముందరి జలాశయమును, జలయంత్రములను కట్టించెనని ప్రతీతి. జమీల్ బేగ్ ఖాను దీర్ఘచతురస్రాకారపు మఱియొక జలాశయమును చేర్చెను. రోజుకు వందలమందికి రొట్టె లీయవలసినచోట పిండికి ఎంత అక్కఱయో వేఱుగ చెప్పనక్కఱలేదు. బుఖారా ప్రాంతమున ఏటికాలువలపై ఇట్టి పడుకొన్న చక్రముల తిరగళ్లు పరిపాటియే కావున, ఆ యూహను ఈ ఫకీరులే వెంటబెట్టుకొని వచ్చిరేమోయని నాకు తోచును. దీనికి సాక్ష్యము చూపలేను, ఊహగానే గ్రహింపుడు.

నీరు వచ్చిన తీరు అంతకంటె మెచ్చదగినది. నగరమునకు ఉత్తరముననున్న కొండలలో ఊఱిన నీటిని కొన్ని కిలోమీటర్ల దూరము భూమిలోపలనే నడపించిరి. ఔరంగాబాదులో ఈ విద్యకు బీజము వేసినవాడు దక్కను సేనాని మలిక్ అంబరు. పదునేడవ శతాబ్ది తొలి పాదమునందే ఆయన తవ్వించిన నహరె అంబరీ యను కాలువ ఊరి దాహము తీర్చినది. భూమిలోపల పాఱు నీటిని దక్కను ఎండ త్రాగలేదు. పశువులు దానిని కలచవు, శత్రువునకు అది కనబడదు. కాలువ కొంతదూరము తన వాలునకు తాను పాఱి, పల్లము వచ్చినచోట మట్టిగొట్టములలో ప్రవేశించును. మూసిన గొట్టములో నీరు తాను వచ్చిన ఎత్తునకు మరల ఎక్కగోరును. ఆ కోరికను ఉపయోగించుకొని, తకియా చెంత కట్టిన ఎత్తైన గోడలోనికి నీటిని ఎక్కించి, అచ్చటినుండి జలాశయములోనికి జలపాతముగా దుమికించిరి. పంపులేదు, ఎద్దులేదు, మోటలేదు. కొండకును తకియాకును మధ్యగల ఎత్తుతేడాయే ఆ యంత్రమునకు ఇంధనము.

ఇక జలాశయపు అడుగుభాగమును చూడవలెను. అది నేలపై పరచిన అడుగు గాదు. దాని క్రింద, లావైన స్తంభములపై నిలిచిన విశాలమైన మందిరము కలదు. అనగా నీటి నేలయే ఇంటికి పైకప్పు. వేసవియందు బాటసారులు, భక్తులు ఆ చావడిలో తలదాచుకొనుచుండిరి. పొంగిన నీరు ప్రక్కనుండి ఖామ్ నదికి పోవుచుండెను. దీని చల్లదనమును మహిమగా చెప్పుకొనువారు కలరు. మహిమకేమి గాని, లెక్క మాత్రము స్పష్టము. దక్కనులో మే నెల యెండ ఒక చదరపు మీటరుపై ఒక పగటిలో కురియు శక్తి రమారమి రెండున్నరకోట్ల జౌళ్లు. ఒక మీటరు లోతు నీరున్నదనుకొందము. ఒక చదరపు మీటరుపై వేయి కిలోల నీరు నిలుచును. వేయి కిలోల నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 42 లక్షల జౌళ్లు కావలెను. కావున ఆనాటి యెండనంతయు నీరే త్రాగి, ఒక్క బొట్టైనను ఆవిరి కాకున్నను, దాని వేడి ఆఱు డిగ్రీలకు మించి పెరుగదు. అయితే నీరు ఆవిరి కాకుండునా? ప్రతి లీటరును ఆవిరియగుచు 24 లక్షల జౌళ్లు తనతో తీసికొనిపోవును. జలయంత్రములు ఎగజిమ్ము తుంపురులు ఈ పనిని త్వరపెట్టును. మిగిలిన వేడిని కదలుచున్న నీరు నదికి మోసికొనిపోవును. క్రింద కూర్చున్న బాటసారికి పైన సూర్యుడున్నాడను వార్త చాల ఆలస్యముగా, చాల మెత్తబడి చేరును. ఒకే నీరు మొదట పిండి విసరి, పిమ్మట ఇంటిని చల్లబఱచి, కడకు తోటకును నదికిని పోవుట, పొదుపునకు పరాకాష్ఠ యని నేననుకొందును. నీటి తిరగలిని నివాసముగా మార్చిన కథలు లోకమున వేలకొలది యుండవచ్చును గాని, తిరగలి తిరుగుచుండగనే దాని నీటిక్రింద నివాసమున్న కట్టడములు అరుదు.

1763లో నిజాము అలీఖాను రాజధానిని హైదరాబాదునకు మార్చెను. ఉద్యోగులు, సాహుకార్లు, కవులు, వంటవారు తరలివచ్చిరి, పన్‌చక్కి రాలేదు. కొండ తరలి రాదు గదా. అయినను గోలకొండవారికి నీటివిద్య తెలియనిదా? దుర్గమ్ చెఱువునుండి కోటకు మట్టిగొట్టములద్వారా నీరు తెచ్చి, మెట్టుమెట్టుగా మీదికెక్కించినవారు వారు. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతమున, హుస్సేను షా వలీ కట్టించిన హుస్సేనుసాగరపు కట్ట అబిడ్సుకు కొలదిదూరముననే యున్నది; ఆ కట్టమీది నీటికిని, దిగువ నేలకును గల ఎత్తుతేడా ఒకటి గాదు పది తిరగళ్లను త్రిప్పుటకు చాలియుండును. మీర్ ఆలం చెఱువును 1808 నాటికి అర్ధవృత్తపు కమానుల వరుసతో కట్టి ముగించిన ఇంజనీరులకు తిరగలి చక్రము ఒక లెక్కలోనిదా? తెలివి యుండియు, ఎత్తు యుండియు, చక్రము పుట్టకపోవుటకు కారణము మఱెక్కడనో యుండవలెను.

మొదటి కారణము ఋతువు. మూసీ నాలుగునెలలు ఏఱు, ఎనిమిదినెలలు ఇసుక. అందును ఆ నాలుగునెలలలో నొకనాడు అది 1908 సెప్టెంబరు 28న పొంగినట్లు పొంగినచో ఒడ్డుననున్న తిరగలియు, తిరగలివాడును, వాని యిల్లును కలిసి పోవలసినదే. రెండవది, చెఱువు నీటికి ముందే యజమాని యున్నాడు. తూము తెఱచుట ఆయకట్టు రైతు కొఱకు. పైరునకు నీరక్కఱలేని దినమున తిరగలికై తూము తెఱచినచో వేసవికి చెఱువెండును. మూడవది తిండి. వరి పండు నేలలో ధాన్యమును దంచవలెను గాని విసరనక్కఱలేదు. రోకలి పని తిరగలిది గాదు. జొన్నరొట్టె తిను ఇండ్లలో మాత్రము తిరగలి తప్పదు, మన తెలంగాణమున అట్టి యిండ్లు తక్కువయు గావు. అచ్చటనే నాలుగవ కారణము, నా దృష్టిలో అన్నింటికంటె బలమైనది, దాగియున్నది: విసరు చేతులకు కూలి లేదు. తల్లి, కోడలు, వితంతువైన మేనత్త, దాసి, వీరి చీకటివేళ శ్రమ ఏ పద్దులోను వ్రాయబడలేదు. ఖర్చు లేనిచోట ఖర్చు తగ్గించు యంత్రమును ఎవడు కనిపెట్టును? విసరునప్పటి పాటలు ఎంత మధురములో మన సాహిత్యకారులు మెచ్చుచు వ్రాసియున్నారు. ఆ పాటలు పాడినవారి భుజముల నొప్పిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఐరోపాలో చక్రములు విస్తరించుటకు దయాగుణమే కారణమని యెంచరాదు. ఇంగ్లండులో 1086నాటి డూమ్స్‌డే లెక్కలలోనే 5,500కు మించిన తిరగళ్లు నమోదైనవి. వానిలో ననేకము భూస్వామివి. తన తిరగలియందే విసరించుకొని, పిండిలో పాలు తనకీయవలెనని అతని శాసనము. ఇంటి తిరగలి నేరము. సెయింటు ఆల్బన్సు మఠాధిపతి రిచర్డు, గొప్ప ఖగోళగడియారమును నిర్మించిన శాస్త్రజ్ఞుడే, 1331 ప్రాంతమున ఊరివారి చేతితిరగళ్లను లాగికొని, వాని రాళ్లను తన మఠపు చావడికి నేలగా పరపించెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1381నాటి రైతుల తిరుగుబాటులో, ఊరివారు వచ్చి ఆ నేలను పగులగొట్టి, రాతిముక్కలను పంచుకొనిపోయిరి. తిరగలి నివాసమున కలిసిపోయిన కథలలో ఇది నాకు తెలిసినంతలో మిక్కిలి చేదుది.

తరువాత ఆవిరియంత్రము, దాని వెనుక ఇనుపరోలర్ల మరలు వచ్చి ఆ యేటితిరగళ్లను పస్తులుంచినవి. వట్టిపోయిన కట్టడములు మాత్రము దృఢములు: రాళ్ల అదురునకు, ధాన్యపు బరువునకు ఓర్చుటకు లావైన గోడలు, బలమైన దూలములు, ఒడ్డున ఏడాది పొడుగున పాఱు ఏఱు. కొన్నవారికి తేమ, వరద యను రెండు పోరులు తప్పవు గాని, అందమున్నది. సింహాసనమును వదలుకొన్న ఎనిమిదవ ఎడ్వర్డు 1952లో పారిసు చేరువను జీఫ్-స్యూర్-ఇవెత్తులో నొక పాత తిరగలిని కొని, రస్సెల్ పేజిచే తోట వేయించి, భార్యతో నచ్చట నివసించెను; ఆ దంపతులు తమ సొంతమని కొనుక్కొన్న ఇల్లు అదియొక్కటే. యువరాజుగా 1922లో ఆయన హైదరాబాదునకు అతిథియై వచ్చినవాడే. ఫలక్‌నుమా చూచిన కన్నులు వార్ధక్యమున పిండిమర యింటిని కోరుకొన్నవి!

మన నాంపల్లికి తిరిగి వత్తము. ఇచ్చట చేతితిరగలిని ఓడించినది ఏఱు గాదు, గిర్నీ యను పిండిమర. మొదట నూనె ఇంజను, పిమ్మట కరెంటు మోటారు. హుస్సేనుసాగరపు టొడ్డున బొగ్గు మండించి కరెంటు తీయు కేంద్రము 1920లో వెలసిన తరువాత గిర్నీ సందుసందునకు వచ్చుట కాలము మాట. నేటికిని డబ్బాలో గోధుమలు పోసికొని గిర్నీకి పంపు ఇండ్లు అబిడ్సు వెనుక సందులలో కలవు. గిర్నీలోని పది అశ్వశక్తుల మోటారును తీసివేసి, అయిదు మీటర్ల ఎత్తునుండి దిగు నీటితో, స్మీటను మెచ్చిన చక్రముతోనే, దానిని త్రిప్పవలెనన్నచో సెకనుకు 230 లీటర్లు, గంటకు ఎనిమిదిలక్షల లీటర్లకు మించిన నీరు కావలెను. హైదరాబాదులో ఒక్క గిర్నీకి ఇంత నీరు! అసాధ్యమని తోచును. అయితే ఆ మోటారునకు వచ్చు కరెంటులో కొంత శ్రీశైలమునుండి, నాగార్జునసాగరమునుండి వచ్చునది. అచ్చట కృష్ణ దిగుచునే యున్నది, చక్రము తిరుగుచునే యున్నది. ఇరుసు మాత్రము వందమైళ్ల తీగయైనది.

దీనికి తిరుగుడు కథ యొకటి కలదు. మూసీపై 1920లో ముగిసిన ఉస్మానుసాగరమునుండి నీరు తన వాలునకు తానే ఆసిఫ్‌నగరు వడపోతతొట్లకు, అచ్చటినుండి నగరపు కుళాయిలకు నడచివచ్చినది. పన్‌చక్కి కాలువకు అది సహోదరి. ఊరు పెరిగి ఆ నీరు చాలక, ఈ శతాబ్దపు తొలినాళ్లనుండి కృష్ణనీటిని తెచ్చుకొనుచున్నాము. నాగార్జునసాగరపు నిండుమట్టము 590 అడుగులు. హైదరాబాదు నేల అంతకంటె 300 మీటర్లకు మించి పైన. ఒక వేయి లీటర్లను అంత ఎత్తునకు ఎక్కించుటకు, పంపు నష్టములతో కూడ, ఒక యూనిట్టు కరెంటుకు తక్కువ పట్టదు. ఒకే కృష్ణ ఒకచోట దిగి మనకు పిండి విసరుచున్నది, మఱియొకచోట మనచే మోయించుకొని మీదికెక్కుచున్నది.

పన్‌చక్కిలో నేడు పిండి పడుట లేదు. రాళ్లు, ఱెక్కలు చూపఱకు ప్రదర్శనగా నున్నవి. ఆ ప్రాంగణమున మహారాష్ట్ర వక్ఫ్ బోర్డు కార్యాలయ మున్నది, నాంపల్లిలోని హజ్ హౌసున తెలంగాణ బోర్డు ఉన్నట్లే. యాత్రికులు టికెట్టు కొని, జలపాతము ముందర ఫొటోలు దిగి, అరగంటలో వెడలిపోవుదురు. ఊరు పెరిగి, ఇండ్లు లేచి, ఆ పాత నహరులు అచ్చటచ్చట దెబ్బతిన్నవి. గోడలకు సున్నము వేయుటకంటె ముందు కాలువను బాగుచేయవలెనని, దానిపై కట్టడములు లేవకుండ కాపాడవలెనని నా అభిప్రాయము. నీరాగిన పిమ్మట చావడి చల్లదనమును ఏ మరమ్మతును తిరిగి తేలేదు.

ఎల్లోరాకు పోవు చదువరులు ఔరంగాబాదులో నొక పూట మిగుల్చుకొందురుగాక. వేసవియైనచో మఱింత మేలు. రెండు థర్మామీటర్లు వెంట తీసికొనిపోయి, మిట్టమధ్యాహ్నమున ఒకటి జలాశయపు గట్టున నీడలో నుంచి, అనుమతి దొరకినచో రెండవదానిని దిగువ చావడిలో నుంచి, పావుగంట ఆగి, రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు. చావడి చల్లదనపు లెక్కలో నేనేమైన తప్పు చేసియున్నచో అవియే చెప్పును.